హాంకాంగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి: ట్రైనా, బస్సా, టాక్సీనా?

హాంకాంగ్‌లో విమానం దిగి, లగేజీ తీసుకుని బయటికి రాగానే కళ్లబడేది ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ట్రైన్ బోర్డే. 24 నిమిషాల్లో సెంట్రల్, అంటే హాంకాంగ్ ద్వీపంలో ఆఫీసులుండే నడిబొడ్డు. రాత్రంతా నిద్రలేక వచ్చినవాళ్లు ఇంకేం ఆలోచించకుండా టికెట్ కొనేస్తారు, తీరా హార్బర్‌కి ఇవతలి ఒడ్డున ఉన్న కౌలూన్ స్టేషన్‌లో దిగాక రెండు సూట్‌కేసులతో ఒక పెద్ద మాల్ మధ్యలో నిలబడి, హోటల్ ఎటువైపో అర్థంకాక మళ్లీ టాక్సీ వెతుక్కుంటారు. ట్రైన్ మంచిదే, ఎక్కడ చూసినా ఇంతకంటే బాగా నడిచే ఎయిర్‌పోర్ట్ ట్రైన్లు తక్కువే ఉంటాయి, కానీ అందరికీ సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ఈ ఎయిర్‌పోర్ట్‌ని ఎలా కట్టారో కాస్త తెలియాలి. చరిత్ర పాఠం చెప్పబోవట్లేదు, మీ బస్సు రూటు, మీ టాక్సీ బిల్లు ఇలా ఉండటానికి కారణం ఆ కట్టుబడిలోనే ఉంది.

పాత ఎయిర్‌పోర్ట్ కై టాక్ ఊరి మధ్యలోనే ఉండేది. కౌలూన్ మేడల మీదుగా కిందికి వచ్చి, చివర్లో కుడివైపుకి తిరిగి, నీళ్లలోకి పొడుచుకుపోయిన రన్‌వే మీద దిగాలి, పైలట్లకి అదొక పరీక్ష. దాన్ని పెంచుదామంటే చోటు లేదు. అందుకే 1989లో అప్పటి బ్రిటిష్ పాలకులు కొత్తది కట్టాలని ప్రకటించారు. లాంటావ్ ద్వీపానికి ఉత్తరాన చెక్ లాప్ కాక్ అని ఒక చిన్న ద్వీపం, దాని కొండల్ని పేల్చి చదును చేసి, పక్కనున్న లామ్ చౌని కూడా కలిపేసి, చుట్టూ సముద్రాన్ని పూడ్చి 12.48 చదరపు కిలోమీటర్ల నేల తయారు చేశారు. అందులో ఇంచుమించు ముప్పావు వంతు అంతకుముందు సముద్రమే. నార్మన్ ఫాస్టర్ సంస్థ డిజైన్ చేసిన టెర్మినల్‌తో 1998 జూలై 6న తెరిచారు, కై టాక్‌ని అదే రోజు మూసేశారు.

సరే, సముద్రంలో ఎయిర్‌పోర్ట్ కట్టారు, మరి జనం అక్కడికి వెళ్లేదెలా? అసలు పని ఇక్కడే మొదలైంది. ఎయిర్‌పోర్ట్‌తో కలిపి మొత్తం పది ప్రాజెక్టులు ఒకేసారి పట్టాలెక్కించారు. లాంటావ్ తీరం వెంట హైవే, సింగ్ మా వేలాడే వంతెన, హార్బర్ కింద ఇంకో సొరంగం, టుంగ్ చుంగ్ అనే కొత్త పట్టణం, రైలు మార్గం, ఆ రైలు నడవడానికి కౌలూన్ పడమటి తీరంలోనూ సెంట్రల్ ఒడ్డునా సముద్రాన్ని పూడ్చి వేసిన కొత్త నేల. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ట్రైన్ ఆగే కౌలూన్ స్టేషన్, సెంట్రల్‌లో ఉన్న హాంకాంగ్ స్టేషన్ రెండూ ఆ కొత్త నేల మీదే ఉన్నాయి. జనం ఉండే ఊరు, సందులు, చౌక హోటళ్లు, మన భోజనం దొరికే చోట్లు పాత నేల మీద ఉన్నాయి. ట్రైన్ ఎంత వేగంగా వెళ్లినా ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం మాత్రం మీ కాళ్లకో, మీ జేబుకో పడుతుంది. ఎందులో వెళ్లాలి అనేది మీరు బస చేసే చోటుని బట్టి తేల్చుకోండి, బోర్డు మీద రాసిన నిమిషాల్ని బట్టి కాదు.

ముందుగా ట్రైన్ ఎవరికి బాగుంటుందో చెప్తాను. సెంట్రల్, అడ్మిరాల్టీ, షియుంగ్ వాన్, వాన్ చాయ్ వైపు ఉండేవాళ్లు, ఆఫీసు పనిమీద వచ్చినవాళ్లు, ఒంటరిగా చిన్న పెట్టెతో వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. దాదాపు పది నిమిషాలకొకటి ఉంటుంది, తెల్లవారి ఆరు గంటల ప్రాంతం నుంచి రాత్రి ఒంటిగంట దాకా. స్టేషన్ కట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. సిటీకి వెళ్లే ట్రైన్ అరైవల్స్ అంతస్తులోనే ఆగుతుంది, సిటీ నుంచి వచ్చేది పైన డిపార్చర్స్ అంతస్తులో ఆగుతుంది, కాబట్టి ట్రాలీ తోసుకుంటూ నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లిపోవచ్చు, మెట్లు లేవు, లిఫ్టు కోసం క్యూ లేదు. ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో టికెట్ గేట్లు కూడా ఉండవు, సిటీలో దిగాక బయటికి వెళ్లేటప్పుడే డబ్బు కట్టేది.

ఛార్జీ మాత్రం గట్టిదే. సెంట్రల్ దాకా ఒక మనిషికి వంద హాంకాంగ్ డాలర్లు దాటుతుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు కలిసి వెళ్తే గ్రూప్ టికెట్ ఉంటుంది, విడివిడిగా కొనేకంటే అది చాలా నయం, ఇది తెలియక నలుగురూ నాలుగు సార్లు కార్డు గీకేసేవాళ్లు ఉంటారు. ఆక్టోపస్ కార్డుతో (ముందే డబ్బు వేసుకుని రైళ్లలో, బస్సుల్లో గీకే కార్డు) వెళ్తే ఇంకో లాభం ఉంది, దిగాక అదే కార్డుతో మెట్రోలోకి మారితే ఆ మెట్రో ప్రయాణానికి డబ్బు తీసుకోరు. అంటే వాన్ చాయ్‌కో కాజ్‌వే బేకో వెళ్లేవాళ్లకి ఒకే ఛార్జీలో పని అయిపోతుంది, సెంట్రల్ మెట్రో స్టేషన్ దాకా భూమి కింద దారిలో కొంచెం నడవాలి అంతే. ఒకప్పుడు కౌలూన్, హాంకాంగ్ స్టేషన్ల నుంచి హోటళ్లకి ఉచిత షటిల్ బస్సులు తిప్పేవాళ్లు, నెట్‌లో పాత రాతల్లో ఇంకా అదే కనిపిస్తుంది. కోవిడ్ కాలంలో ఆపేసిన సర్వీసు అది, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి.

ఇక సిమ్ షా సుయ్, జోర్డన్, మాంగ్ కాక్. మనవాళ్లు ఎక్కువగా దిగేది ఇక్కడే. చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో గెస్ట్‌హౌస్ బుక్ చేసుకున్నవాళ్లయినా, నాథన్ రోడ్డు మీద మంచి హోటల్ తీసుకున్నవాళ్లయినా నా సలహా ఒకటే, ఏ21 బస్సు ఎక్కండి. మాంగ్ కాక్ మొదలుకొని నాథన్ రోడ్డు పొడవునా ఆగుతూ సిమ్ షా సుయ్ మీదుగా హుంగ్ హామ్ దాకా వెళ్తుంది, హోటల్ గుమ్మం దగ్గర కాకపోయినా వీధి చివరన దింపుతుంది. ట్రైన్ ఛార్జీలో మూడో వంతుకి అటూ ఇటూగా అయిపోతుంది. టైమ్ మాత్రం గంట, గంటంపావు పడుతుంది, సాయంత్రం నాథన్ రోడ్డు రద్దీలో ఇంకాస్త ఎక్కువే. కానీ లెక్క సరిగ్గా వేయండి: ట్రైన్‌లో కౌలూన్ స్టేషన్‌కి ఇరవై నిమిషాల పైచిలుకు, అక్కడ మాల్‌లోంచి బయటపడటం, టాక్సీ క్యూ, మళ్లీ ట్రాఫిక్, అన్నీ కలిపితే మీరు ఆదా చేసింది పావుగంటో ఇరవై నిమిషాలో, దానికి పెట్టింది రెండు మూడింతల డబ్బు. కౌలూన్ స్టేషన్ పేరు చూసి కౌలూన్ అంతా అక్కడే ఉంటుందనుకోవద్దు, అది పూడ్చిన నేల మీద లేచిన ఆకాశహర్మ్యాల మధ్య ఉంది. ఒక్క సందర్భంలో మాత్రం అది సరైన చోటే: చైనాలోకి హైస్పీడ్ రైలెక్కే వెస్ట్ కౌలూన్ స్టేషన్ దానికి దగ్గర.

బస్సుల గురించి ఇంకో మాట. ఇంగ్లిష్ అక్షరం ఏ (A) తో మొదలయ్యేవి ఎయిర్‌పోర్ట్ బస్సులు, డబుల్ డెక్కర్లు, కింద లగేజీ పెట్టుకునే అరలుంటాయి, చాలా బస్సుల్లో పై డెక్‌లో కూర్చున్నా ఆ అరల్ని చూపించే స్క్రీన్ ఉంటుంది కాబట్టి పెట్టె ఎవరు తీసుకుపోతారో అన్న టెన్షన్ లేదు. హాంకాంగ్ ద్వీపానికి ఏ11, షా టిన్ వైపు ఏ41, ఇలా దాదాపు ప్రతి పేటకీ ఒకటి. ఇ (E) అక్షరంతో మొదలయ్యేవి ఇంకా చౌక, కానీ ఎయిర్‌పోర్ట్ ఉద్యోగుల కోసం కార్గో, టుంగ్ చుంగ్ ప్రాంతాలన్నీ తిప్పి తిప్పి తీసుకెళ్తాయి, విసుగొస్తుంది. ఎన్ తో మొదలయ్యేవి అర్ధరాత్రి తర్వాతవి, ట్రైన్ ఆగిపోయాక సిమ్ షా సుయ్‌కి ఎన్21, ద్వీపానికి ఎన్11. నోట్లిస్తే చిల్లర ఇవ్వరు, ఆక్టోపస్ గానీ కాంటాక్ట్‌లెస్ కార్డు గానీ చేతిలో ఉంచుకోండి.

పగటిపూట మొదటిసారి వచ్చేవాళ్లు పై డెక్‌లో ముందు సీటు దొరికితే వదలకండి. సింగ్ మా వంతెన దాటుతుంటే ఆ కట్టడం ఎంతదో అప్పుడు తెలుస్తుంది. 1997లో తెరిచారు, రెండు స్తంభాల మధ్య దూరం 1,377 మీటర్లు, కింద ఓడలు పోతుంటాయి, పైన ఆరు వరుసల రోడ్డు, దాని కిందున్న డెక్‌లో రెండు రైలు పట్టాలు. ట్రైన్‌లో వెళ్తే ఇనుప దూలాల మధ్యలోంచి పోతున్నట్టుంటుంది, వంతెన అసలు కనిపించదు.

డబ్బు ఆదా చేయాలనుకునేవాళ్లకి స్థానికులు వాడే దారి ఒకటుంది. ఎస్1 బస్సులో పది పదిహేను నిమిషాలు వెళ్తే టుంగ్ చుంగ్ మెట్రో స్టేషన్, ఛార్జీ నాలుగైదు డాలర్లకి మించదు. అక్కడ టుంగ్ చుంగ్ లైన్ ఎక్కితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌తో పాటే అదే వంతెన దాటి అదే హాంకాంగ్ స్టేషన్‌కి చేరుతుంది. లాయ్ కింగ్‌లో మారితే మాంగ్ కాక్, జోర్డన్, సిమ్ షా సుయ్ స్టేషన్లకి నేరుగా మెట్రో ఉంది. మొత్తం ఒక గంట. వీపున సంచి ఒక్కటే ఉన్న కుర్రాళ్లకి ఇదే బెస్ట్. పెద్ద పెట్టెలతో, ఆఫీసు వేళల్లో మాత్రం వద్దు, నిలబడటానికి కూడా చోటుండదు, చుట్టూ ఉన్నవాళ్ల చూపులు కూడా భరించాలి.

టాక్సీకి వద్దాం. ఎర్ర టాక్సీలు సిటీవి, ఆకుపచ్చవి ఉత్తరాన ఉన్న న్యూ టెరిటరీస్ ప్రాంతానివి, నీలంవి లాంటావ్‌వి. సిటీకి ఎర్రదే ఎక్కాలి. సిమ్ షా సుయ్‌కి మూడు వందల పైచిలుకు, సెంట్రల్‌కి నాలుగు వందల చుట్టుపక్కల అవుతుంది. డిక్కీలో పెట్టే పెట్టెకి ఇంత అని అదనం, హార్బర్ సొరంగం దాటితే ఆ టోల్‌తో పాటు టాక్సీ తిరిగెళ్లే టోల్ కూడా కలుపుతారు, అది మోసం కాదు, రూలే అంత. లాంటావ్ వంతెనల టోల్ 2020 చివర్లో ఎత్తేశారు. ఒక్కరికి టాక్సీ దండగే, కానీ అమ్మానాన్నా ఇద్దరు పిల్లలూ నాలుగు పెట్టెలూ ఉండి కౌలూన్‌లో బస అయితే నేను ట్రైన్ వైపు చూడను కూడా. గ్రూప్ టికెట్ డబ్బు, దిగాక మళ్లీ టాక్సీ డబ్బు కలిపితే ఇంచుమించు అంతే అవుతుంది, పైగా పెద్దవాళ్లని నడిపించక్కర్లేదు. రాత్రి ఒంటిగంట దాటాక ముగ్గురున్నా ఇదే లెక్క.

మకావ్, షెంజెన్, జుహాయ్ వెళ్లేవాళ్ల సంగతి వేరు, వీళ్లు చేసే పెద్ద పొరపాటు అలవాటుగా ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చేయడం. ఎయిర్‌పోర్ట్‌లోనే స్కైపియర్ అని ఒక ఓడరేవు ఉంది, హాంకాంగ్‌లోకి అడుగుపెట్టకుండానే అక్కడి నుంచి ఫెర్రీ ఎక్కొచ్చు, చెక్-ఇన్ చేసిన లగేజీని వాళ్లే మారుస్తారు. బయటికొచ్చాక మళ్లీ లోపలికి వెళ్లలేరు. ఫెర్రీలు రోజుకి కొన్నే ఉంటాయి, మీ విమానం దిగే వేళకి ఒకటుందో లేదో టికెట్ కొనకముందే చూసుకోండి. లేకపోతే వంతెన ఉంది. 2018 అక్టోబరులో తెరిచిన హాంకాంగ్, జుహాయ్, మకావ్ వంతెన పొడవు 55 కిలోమీటర్లు, మధ్యలో 6.7 కిలోమీటర్లు సముద్రం కింద సొరంగం. వంతెన కడుతూ కడుతూ మధ్యలో సొరంగమెందుకు అని అడిగేవాళ్లకి: అక్కడ పెద్ద ఓడల దారి ఉంది, ఓడలు పోయేంత ఎత్తున వంతెన కడితే దాని స్తంభాలు విమానాలకి అడ్డొస్తాయి. ఆ వంతెన చెక్‌పోస్టు ఎయిర్‌పోర్ట్ పక్కనే ఇంకో పూడ్చిన ద్వీపం మీద ఉంది, బీ4 బస్సులో వెళ్లి అక్కడ 24 గంటలూ తిరిగే షటిల్ బస్సు ఎక్కితే ముప్పావుగంటలో అవతలి ఒడ్డు. అర్ధరాత్రి దిగినవాళ్లకి ఫెర్రీ కంటే ఇదే నమ్మకం. మకావ్‌కి భారత పాస్‌పోర్ట్‌తో వీసా అక్కర్లేదు, జుహాయ్, షెంజెన్‌లకి చైనా వీసా కావాలి.

ట్రాన్సిట్‌లో ఖాళీ టైమ్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్ట్‌తో హాంకాంగ్‌లోకి రావాలంటే వీసా లేకపోయినా ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, 2017 నుంచి ఈ రూలు ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, ఆరు నెలలు పనికొస్తుంది. అది లేకుండా కౌంటర్ దగ్గరికి వెళ్తే వెనక్కి పంపిస్తారు. ఆరేడు గంటలుంటే సిటీకి పరిగెత్తకండి, ఎస్1 బస్సులో టుంగ్ చుంగ్ వెళ్లి ఎంగాంగ్ పింగ్ కేబుల్ కారు ఎక్కండి, 5.7 కిలోమీటర్లు, పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గరికి తీసుకెళ్తుంది, దారిలో ఎయిర్‌పోర్ట్ మొత్తం, సముద్రం మీద సాగిపోయే వంతెన, మబ్బులు లేకపోతే అన్నీ కనిపిస్తాయి. మెయింటెనెన్స్ కోసం కొన్ని రోజులు మూసేస్తారు, ముందే చూసుకోండి. ఎనిమిది గంటలు దాటి ఉంటేనే సెంట్రల్. అప్పుడు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌కి తిరుగులేదు, అదే రోజు తిరిగొస్తే రెండోసారి ఛార్జీ పడని సౌకర్యం ఉంది కాబట్టి ఆ ఖరీదు కూడా సగమైపోతుంది.

తుపాను వేళ ఈ లెక్కలన్నీ మారిపోతాయి. 8వ నంబరు సిగ్నల్ ఎగరేస్తే ఫెర్రీలు ఆగుతాయి, బస్సులు ఒక్కొక్కటిగా ఆపేస్తారు, టాక్సీలు దొరకవు. రైలు మాత్రం నడుస్తుంది, ఎందుకంటే సింగ్ మా వంతెన పట్టాలు పైన రోడ్డు పక్కన కాకుండా కింద మూసిన డెక్‌లో ఉన్నాయి, అక్కడే గాలివాన కోసమని రెండు వరుసల రోడ్డు కూడా కట్టిపెట్టారు. ఆ రోజు మీ హోటల్ ఎక్కడున్నా ట్రైనే. అయితే ఈ దారికి ఒక బలహీనత ఉంది. 2015 అక్టోబరులో ఒక ఓడ అదే దారిలో ఉన్న కాప్ షుయ్ మున్ వంతెనని తాకింది, తనిఖీ కోసం రోడ్డూ రైలూ రెండూ దాదాపు రెండు గంటలు ఆపేశారు, అంతసేపు ఎయిర్‌పోర్ట్‌కి భూమార్గమే లేకుండా పోయింది. అవతలి ఒడ్డున ఉన్న ట్యూన్ మున్ నుంచి సముద్రం కింద తవ్విన సొరంగం 2020 డిసెంబరులో తెరిచాక గానీ రెండో దారి రాలేదు. దాన్ని తవ్విన యంత్రం వ్యాసం 17 మీటర్ల పైనే, అప్పటికి అంత పెద్దది ఎక్కడా వాడలేదు.

తిరుగు ప్రయాణానికి వచ్చినదారినే ఎంచుకోవాలని లేదు. మధ్యాహ్నం హోటల్ ఖాళీ చేసి రాత్రికి విమానం అయితే హాంకాంగ్ స్టేషన్‌లో సిటీ చెక్-ఇన్ ఉందేమో మీ ఎయిర్‌లైన్‌ని అడగండి, కాథే పసిఫిక్ లాంటి కొన్నింటికి ఉంది. ట్రైన్ టికెట్ ఉంటే పొద్దున్నే పెట్టెలు అక్కడ ఇచ్చేసి బోర్డింగ్ పాస్ తీసుకుని రోజంతా చేతులూపుకుంటూ తిరగొచ్చు. వచ్చేటప్పుడు బస్సు, వెళ్లేటప్పుడు ట్రైన్, కౌలూన్‌లో ఉన్నా సరే నాకు నచ్చేది ఇదే.

ఎయిర్‌పోర్ట్‌లో మాత్రం టైమ్ ఎక్కువ పెట్టుకోండి, అక్కడ కట్టడం ఇంకా ఆగలేదు. మూడో రన్‌వే కోసం 2016 నుంచి ఇంకో 650 హెక్టార్ల సముద్రం పూడ్చారు, 141.5 బిలియన్ హాంకాంగ్ డాలర్ల ప్రాజెక్టు, ఆ అడుగున పాత కలుషిత బురద గుంతలుండటంతో తవ్వి తీయకుండా సిమెంటు కలిపి గట్టిపరిచి దాని మీద నేల వేశారు. తెల్ల డాల్ఫిన్లు తిరిగే నీళ్లవి, వాటి గతేంటని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. 2024 నవంబరు 28 నుంచి మూడు రన్‌వేలూ కలిపి నడుస్తున్నాయి. ఆ ఖర్చులో మీ వాటా కూడా ఉంది, అక్కడి నుంచి బయల్దేరే టికెట్ మీద నిర్మాణ రుసుము అని ఒక చిన్న మొత్తం కలుపుతారు. రెండో టెర్మినల్‌ని 2019లో మూసి పూర్తిగా పెంచి కట్టారు, అందులో కోచ్ హాల్ 2025 సెప్టెంబరులో తెరవడంతో చైనా వైపు వెళ్లే కోచ్‌లు అక్కడికి మారాయి, పాత వీడియోలు చూసి వెళ్తే తికమకపడతారు. గేటు నంబరు శాటిలైట్ కాంకోర్స్‌లో (టెర్మినల్‌కి విడిగా ఉన్న గేట్ల భవనం) పడితే స్కై బ్రిడ్జ్ మీదుగా నడవాలి, 200 మీటర్ల పొడవు, కింది నుంచి ఏ380 విమానం దూరిపోయేంత ఎత్తు, ఫొటోలు తీసుకుంటూ నిలబడిపోతారు కాబట్టి బోర్డింగ్‌కి ఇంకో పావుగంట ముందే బయల్దేరండి.